నాట్యంలో లోకప్రమాణం – ప్రేక్షకుని ప్రత్యుత్తరం

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయంలోని విఘ్నవృత్తాంతం ప్రాచ్యవిద్యాభ్యాసం చేసినవారందరికీ పరిచితమే. మహేంద్రుని ధ్వజమహోత్సవంలో భరతుడు ప్రయోగించిన తొలి నాట్యం దైత్యుల పరాజయాన్ని ఇతివృత్తంగా గ్రహించింది. దేవతలు సంతోషించి నటులకు కానుకలిచ్చారు. సభలో ఉన్న దైత్యులు మాత్రం సహించలేకపోయారు. విరూపాక్షుడు మొదలైన విఘ్నులను ప్రేరేపించి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండం చేతబట్టి వారిని చితకగొట్టాడు. ఆ దండమే జర్జరమని ప్రసిద్ధికెక్కింది. అంతటితో కలహం సమసిపోలేదు. విశ్వకర్మ నాట్యమండపాన్ని నిర్మించవలసివచ్చింది. దాని మూలమూలలా దేవతలు కావలి నిలవవలసివచ్చింది. చివరకు ఆ దేవతలే బ్రహ్మను సమీపించి సామోపాయాన్ని ప్రయోగింపుమని కోరారు. అప్పుడు గాని విఘ్నులను పిలిచి కారణమేమని అడిగినవారు లేరు. విరూపాక్షుడు చెప్పిన సమాధానం సూటియైనది. దేవతల కోరికపై సృష్టించిన ఈ నాట్యవేదం తమకు అవమానకరంగా ఉన్నదనీ, దేవతలకు వలెనే దైత్యులకూ పితామహుడైన బ్రహ్మ ఇట్లు చేయడం తగదనీ అతడు అన్నాడు.

నాట్యం దేవతల కథ మాత్రమే కాదు, దైత్యుల కథ మాత్రమే కాదు, అది త్రైలోక్య భావానుకీర్తనమని బ్రహ్మ ప్రతివచనమిచ్చాడు. దుఃఖార్తులకు, శ్రమార్తులకు, శోకార్తులకు అది విశ్రాంతి కలిగిస్తుందని, లోకోపదేశం చేస్తుందని చెప్పింది కూడా ఈ సందర్భంలోనే. అభినవగుప్తుడు ఈ అనుకీర్తన శబ్దాన్ని ఆధారం చేసుకొనే నాట్యం అనుకరణం కాదని, అనువ్యవసాయమని ప్రతిపాదించాడు. ఆ చర్చ విద్యార్థులు బాగుగా ఎరిగినదే. ఎరుగవలసినంతగా ఎరుగనిది మరొకటి ఉన్నది. భారతీయ అలంకారశాస్త్రంలో అత్యంత ప్రసిద్ధమైన ఈ నాట్యలక్షణం పండితగోష్ఠిలో పుట్టలేదు. వేదికపై తమను చూపిన తీరుకు అభ్యంతరం తెలిపిన ప్రేక్షకులకు ఇచ్చిన సంజాయిషీగా పుట్టింది.

అభివృద్ధి సంస్థల పరిభాషలో ‘సాధికారత’ అనే పదం స్థిరపడిన తరువాత నాటకాన్ని, పాటను, బొమ్మలాటను ప్రజాచైతన్యానికి వినియోగించడం గురించి విస్తారమైన చర్చ సాగింది. ‘అనువర్తిత నాటకం’, ‘సమాజ రంగస్థలం’ మొదలైన పేర్లు విశ్వవిద్యాలయాలలో ప్రవేశించాయి. ఈ ప్రయత్నాలను సంప్రదాయ పండితులలో కొందరు చిన్నచూపు చూస్తారు. ప్రయోజనం ముందుకు వస్తే రసం వెనుకకు పోతుందని వారి వాదం. మరొక ప్రక్క కార్యకర్తలు కళను వాహనమని నిస్సంకోచంగా అంటారు. సందేశం చేరితే చాలు, వాహనం ఏదైతేనేమి అని వారి ధోరణి. ఈ రెండు పక్షాలూ పరస్పరం విరుద్ధమైనవిగా కనిపించినా ఒక విషయంలో ఏకీభవిస్తున్నాయి. ఇద్దరి దృష్టిలోనూ ప్రేక్షకుడు పుచ్చుకొనేవాడే. ఒకరు అతనికి రసం అందిస్తారు, ఒకరు సందేశం అందిస్తారు. విరూపాక్షుని వలె లేచి నిలబడి మాట్లాడేవానికి ఈ రెండు సిద్ధాంతాలలోనూ చోటు లేదు. ప్రజారంగస్థలం నిజంగా ప్రజలకు బలమిచ్చినదా, ఇవ్వలేదా అన్నది తేల్చడానికి ప్రదర్శన ఏమి చెప్పినదని కాక, విన్నవారికి ఎదురు మాట్లాడే అవకాశం దొరికినదా లేదా అని విచారించడమే యుక్తం.

ఈ విచారణకు బుర్రకథ మంచి నిదర్శనం. జంగం కథ నుండి రూపొందిన ఈ ప్రక్రియలో ప్రదర్శకులు ముగ్గురు. నడుమ తంబురతో, చేతి అందెతో కథకుడు. ఇరుప్రక్కలా డక్కీలతో వంతలు. ఒకడు హాస్యపు వంత, ఒకడు రాజకీయ వంత. తెలుగులో ‘వంతపాడడం’ అంటే ఎదుటివాడు చెప్పినదానికల్లా తలయూపడమనే అర్థం స్థిరపడింది. ఈ జాతీయం వంత చేసే పనిలో సగాన్నే నిలుపుకొన్నది. బుర్రకథలో వంత పల్లవిని అందుకోవడంతో ఊరుకోడు. కథను ఆపుతాడు. అర్థం కాలేదంటాడు. రాజు చేసినది ధర్మమేనా అని అడుగుతాడు. పురాతన కథలోని ఘట్టాన్ని ఊరిలో నిన్న జరిగిన సంగతితో ముడివేస్తాడు. కథకుడు సమాధానం చెప్పి గాని ముందుకు కదలడానికి వీలులేదు. సభలో కూర్చున్నవాడు అడగదలచుకొని అడగలేని ప్రశ్నకు వేదిక మీదనే ఒక ప్రతినిధిని ఏర్పాటు చేసిన నిర్మాణమిది. తోలుబొమ్మలాటలోని కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణ కథ నడుమ దూరి చేసే పని కూడా ఇటువంటిదే. వాటిని అశ్లీలమని, కథకు సంబంధం లేనివని పక్కకు నెట్టిన విమర్శకులు ఆ పాత్రల ప్రయోజనాన్ని తక్కువగా అంచనా వేశారని చెప్పక తప్పదు.

1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టడం యాదృచ్ఛికం కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో జన్మించిన షేక్ నాజర్ (1920–1997) ఈ ప్రక్రియకు సాటిలేని కీర్తిని తెచ్చాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఆయన చెప్పిన తీరు ఒక తరానికి స్మృతిలో నిలిచింది. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలసి రచించిన ‘మా భూమి’ నాటకం 1947లో వెలువడి అనేక దళాల చేత ఊరూరా ప్రదర్శింపబడింది. (1979లో ఇదే పేరుతో వచ్చిన చలనచిత్రం కిషన్ చందర్ నవలను ఆధారం చేసుకొన్నది, రెండింటినీ ఒకటిగా భావించడం తరచుగా జరుగుతున్న పొరపాటు.) తెలంగాణ రైతుల పోరాటం ఆ నాటకానికి వస్తువు. దానిని చూసినవారు ఆ పోరాటానికి సమకాలికులు. చూసి వెళ్ళిన తరువాత తమ ఊరి భూమి సంగతి తాము ఆలోచించుకోగలిగినవారు. ప్రభుత్వం దానిని నిషేధించడానికి కారణమిదే. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటానికి అనువుగా మలచినప్పుడు కూడా బలం బాణీలోనే ఉన్నది. ఆ బాణీ ఊరివారిది. అందులో ఎవరు ఎప్పుడు గొంతు కలపాలో, ఎప్పుడు ఎగతాళి చేయాలో వారికి ముందే తెలుసు.

స్వాతంత్ర్యానంతరం ఇవే ప్రక్రియలు ప్రభుత్వ ప్రచారంలోకి వచ్చాయి. 1954లో కేంద్రప్రభుత్వం గీత నాటక విభాగాన్ని ఏర్పాటు చేసింది. కుటుంబ నియంత్రణ, చిన్నమొత్తాల పొదుపు, అంటువ్యాధుల నివారణ మొదలైనవి బుర్రకథలకు, హరికథలకు ఇతివృత్తాలయ్యాయి. వృత్తికళాకారులకు ఇది కొంత జీవనాధారం కల్పించిన మాట నిజమే; దానిని తేలికగా తీసివేయరాదు. పేర్కొన్న విషయాలు కూడా మంచివే. అయితే అటువంటి కథలలో రాజకీయ వంత ఏమయ్యాడో పరిశీలించాలి. అతడు వేదిక మీద ఉన్నాడు, డక్కీ వాయిస్తున్నాడు, ప్రశ్నలు కూడా అడుగుతున్నాడు. కాని అతడు అడిగే ప్రతి ప్రశ్నకూ సమాధానం ముందుగానే గోడపత్రం మీద అచ్చయి ఉన్నది. ఆసుపత్రిలో మందులేవి అని అతడు అడగడు. పొదుపు చేయడానికి కూలి మిగలాలి కదా అని అడగడు. ప్రక్రియ నిలిచింది, దానిలోని సంభాషణ పోయింది. జాతీయంలోని అర్థమే చివరకు వేదిక మీద కూడా నిజమయింది.

దీనికి భిన్నమైన ఒక సంఘటన నెల్లూరు జిల్లాలో జరిగింది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. కేరళ శాస్త్రసాహిత్య పరిషత్తు 1980 నుండి నడిపిన కళాజాతాల అనుభవం దానికి తోడ్పడింది. 1990లో భారత జ్ఞానవిజ్ఞాన జాతా దేశమంతటా సాగింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఆరంభమైనప్పుడు కళాజాతా దళాలు పల్లెలలో పాటలు పాడాయి, చిన్ననాటికలు వేశాయి. చదువు లేనందువల్ల మోసపోవడం, కూలి దక్కకపోవడం, మగవారి తాగుడు – వస్తువులు ఇవి. వీటిలో కళాదృష్ట్యా చెప్పుకోదగినది బహుశా ఎక్కువ ఉండకపోవచ్చు. అయితే ప్రదర్శన ముగియగానే బండి కట్టుకొని పోవడంతో ఈ కార్యక్రమం ఆగలేదు. ఆ మరునాటి నుండి రాత్రి బడి నడిచింది. ప్రదర్శనలో చూసినదాని గురించి స్త్రీలు అక్కడ కూర్చొని మాట్లాడుకొనడానికి చోటు, సమయం దొరికాయి.

ఆ మాటలలో చదువు కంటె సారా ముందుకు వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు ఏకమై సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఊరి స్త్రీల కథ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా కొత్త అక్షరాస్యుల వాచకంలో చేరింది. దానిని చదివిన ఇతర గ్రామాలవారు తమ ఊళ్ళలోనూ అదే పని చేశారు. 1992 నాటికి సారా వేలంపాటలు సాగనివ్వని ఉద్యమంగా అది పెరిగింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు.

ఈ వరుస చూసి కళాజాతాలే సారా ఉద్యమాన్ని సృష్టించాయనడం అతిశయోక్తి. కూలి డబ్బు దుకాణంలో పోవడం, ఇంటికి వచ్చిన తరువాత దెబ్బలు, పిల్లల ఆకలి – వీటిని ఏ నాటికా నేర్పనక్కరలేదు. ప్రభుత్వమే సారాను పొట్లాలలో పల్లెలకు చేరవేసే ఏర్పాటు చేసిన తరువాత ఆ బాధ ఇంకా పెరిగింది. కళాజాతా చేసినది వేరు. ఇంటిలోపల ఒక్కొక్క స్త్రీ ఒంటరిగా అనుభవించినదానిని పదిమంది ఎదుట చూపింది. చూపిన తరువాత దాని గురించి మాట్లాడడం తప్పు కాదనిపించింది. మరొక అంశం ఇంతకంటె ముఖ్యం. ప్రభుత్వం కోరినది అక్షరాస్యత. ప్రజలు తిరిగి ఇచ్చిన సమాధానం ప్రభుత్వ ఖజానాకు ప్రధానమైన ఆదాయానికే ఎసరుపెట్టేది. సందేశం పంపినవారు ఊహించని ప్రత్యుత్తరం వచ్చింది. ఉద్యమ ఫలితాలను లెక్కించే నివేదికలలో ఎందరు సంతకం చేయడం నేర్చారన్న అంకెకు ఉన్న ప్రాధాన్యం దీనికి లేదు. కాని సాధికారత అనే పదానికి అర్థం ఎక్కడైనా ఉన్నదంటే ఇక్కడనే ఉన్నది.

బ్రెజిల్ దేశీయుడైన అగస్టో బోల్ (1931–2009) ఈ ప్రత్యుత్తరాన్నే ఒక ప్రయోగపద్ధతిగా తీర్చిదిద్దాడు. ఆయన ప్రతిపాదించిన ఫోరం థియేటర్‌లో ఒక అన్యాయం నాటికగా ప్రదర్శితమవుతుంది. రెండవసారి అదే నాటిక వేస్తున్నప్పుడు ప్రేక్షకుడు దానిని ఆపవచ్చు. పీడితుని పాత్రను తానే ధరించి మరొక విధంగా ప్రవర్తించి చూపవచ్చు. ఇరుపక్షాల నడుమ సంధాతగా ఒకడుంటాడు, అతనికి ‘జోకర్’ అని పేరు. విదూషకుని, వంతను ఎరిగినవారికి ఈ పేరు వింతగా తోచదు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో ఆరంభమైన జనసంస్కృతి ఈ పద్ధతిని గ్రామాలలో పాదుకొల్పింది. ఇది ఆదరణీయమైన ప్రయత్నమే. ఐనా తెలుగు పరిశోధకుడు దీనిని దిగుమతి చేసుకొనడానికి ముందు తన ఇంటిలో ఉన్నదానిని చూడడం మంచిది.

ఉన్నదానిలో అందరికంటె ముందు చెప్పవలసినది తెలంగాణలోని చిందు యక్షగానం. మాదిగల ఆశ్రితులైన చిందు కళాకారులు తమ పోషకుల కోసం ప్రదర్శించే జాంబపురాణం ఇతర భాగవతాల వంటిది కాదు. అందులో జాంబవునికీ, బ్రాహ్మణునికీ సంవాదం నడుస్తుంది. సృష్టి ఎట్లు పుట్టింది, మొదట పుట్టినవారెవరు, ఎవరి వృత్తి ఎవరికి ఆధారం – ప్రశ్న వెంట ప్రశ్న వస్తుంది. ఆ వాదంలో గెలుపు జాంబవునిదే. సమాజం తమకు కట్టబెట్టిన స్థానాన్ని వారు శాస్త్రచర్చా రూపంలోనే నిరాకరిస్తున్నారు. పూర్వపక్షం, ఖండనం, సిద్ధాంతం అనే క్రమం తర్కశాస్త్రం అభ్యసించినవారికి ఎంత పరిచితమో ఈ కళాకారులకూ అంతే పరిచితం. విరూపాక్షుడు ఒక్క వాక్యంలో అడిగి ఊరుకొన్న ప్రశ్నను ఇక్కడ ఒక జాతి తరతరాలుగా రాత్రంతా అడుగుతూ వచ్చింది, అదీ తన వేదిక మీద. స్త్రీలు కూడా వేషం కట్టడం ఈ సంప్రదాయంలో విశేషం. 2005లో కీర్తిశేషురాలైన చిందు ఎల్లమ్మ పురుషపాత్రలలోనూ రాణించింది. కులీన నాటక సమాజాలలో స్త్రీపాత్రలను పురుషులే ధరిస్తూ ఉన్న కాలంలో కూడా ఈ వాడలలో స్త్రీలు వేషం కట్టి ఆడుతూనే ఉన్నారు.

సాధికారత ఎవరికి అన్న ప్రశ్న ఈ సందర్భంలో మరింత పదునెక్కుతుంది. ప్రేక్షకునికే గాక ప్రదర్శకునికి కూడా దక్కవలసినది ఒకటున్నది. నాట్యశాస్త్రం చివరిలో భరతపుత్రులు ఋషులను హేళన చేసే ప్రయోగం చేసి శాపగ్రస్తులై శూద్రాచారులయినట్లు కథ ఉన్నది. నటునికి సమాజంలో కలిగిన నిమ్నస్థితికి గ్రంథకర్త చెప్పిన కారణమది: పెద్దలను పరిహసించాడు కనుక పడిపోయాడు. చిందు కళాకారుల చరిత్రలో ఇంతటి శాపకథ అక్కరలేదు. పూర్వం ఒక్కొక్క కుటుంబానికి కొన్ని గ్రామాల మీద మిరాశి హక్కు ఉండేది. ఆ ఊరివారు ఆడించవలసిందే, ఆడినందుకు ఇవ్వవలసిందే. పోషకుల వృత్తులు చెదరి, వినోదసాధనాలు మారి, ఆ హక్కు క్రమంగా నామమాత్రమయింది. దాని స్థానంలో వచ్చినవి సన్మానాలు, ఉత్సవాలలో పదిహేను నిమిషాల ప్రదర్శనలు. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ రావడం హర్షదాయకం. కాని రాత్రంతా నడిచే సంవాదాన్ని పదిహేను నిమిషాలకు కుదిస్తే మిగిలేది కిరీటం, భుజకీర్తులు, గజ్జెల మోత. ముందుగా పోయేది ప్రశ్న.

పండిత పరిశోధన ఈ కళలకు చేసిన మేలు తక్కువది కాదు. బిరుదురాజు రామరాజు జానపద గేయసాహిత్యం మీద, ఎస్వీ జోగారావు యక్షగాన వాఙ్మయం మీద చేసిన కృషి లేకపోతే విశ్వవిద్యాలయాలలో ఈ ప్రస్తావనే ఉండేది కాదేమో. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి స్వయంగా ప్రజానాట్యమండలి నటుడై ఉండి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ సంకలనం చేశాడు. అయితే తరువాతి సిద్ధాంతవ్యాసాలలో చాలవరకు ఒకే మూసలో సాగుతున్నాయి. ప్రక్రియ పుట్టుక, వేషభూషలు, వాద్యాలు, కళాకారుల దైన్యస్థితి, ప్రభుత్వం ఆదుకోవాలన్న వేడికోలు – ఇదీ వరుస. కళాకారుడు అందులో సమాచారదాత. అతని మాట ఉదాహరణ. దానికి అర్థం చెప్పేవాడు పరిశోధకుడు. నాట్యప్రయోగానికి వేదం, అధ్యాత్మం, లోకం అని మూడు ప్రమాణాలను శాస్త్రం అంగీకరించింది. తాను చెప్పనిది లోకం నుండి గ్రహించాలని కూడా చెప్పింది. లోకం ప్రమాణమైనప్పుడు లోకధర్మిని కాపాడుకొంటూ వచ్చిన కళాకారుడు సాక్షిగా కాక ఆచార్యుడుగా గణింపబడాలి. ఆ గౌరవం ప్రాచ్యకళాశాలలు ఇవ్వగలిగినది. వాటికి నాట్యశాస్త్రం పాఠ్యగ్రంథం, సంవాదపద్ధతి నిత్యాభ్యాసం. ఈ రెండూ నాటకశాఖలలో అరుదుగా ఒకచోట కలుస్తాయి.

ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు. ప్రథమాధ్యాయం బోధించే సంవత్సరంలో జాంబపురాణాన్ని కుదింపు లేకుండా ఒక రాత్రి కళాశాల ఆవరణలో ఆడించవచ్చు. కళాకారులకు అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికాన్నే, అదే పద్దు కింద ఇవ్వవచ్చు. మరునాడు విద్యార్థులు జాంబవుని వాదానికి తమకు చేతనైన పూర్వపక్షం చేయాలి. కళాకారులు దానికి సమాధానం చెప్పాలి. అధ్యాపకులు మధ్యవర్తులుగా ఉంటే చాలు. అందులో ఎవరు నెగ్గుతారో ముందుగా నిర్ణయింపరాదు. ఇక ప్రదర్శన పాఠాన్ని పరిష్కరించి ప్రచురించేటప్పుడు ఒక నియమం పాటించడం అవసరం. ముద్రణకు పంపే ముందు ఆ పాఠాన్ని, దానిపై పరిశోధకుడు వ్రాసిన వ్యాఖ్యానాన్ని ఆ కళాకారుల వాడలో చదివి వినిపించాలి. వారు అంగీకరింపని చోట్లు తప్పక ఉంటాయి. ఆ అభ్యంతరాన్ని పీఠికలో కృతజ్ఞతల నడుమ కాక, అది ఏ వాక్యానికి చెందినదో ఆ వాక్యం ప్రక్కనే, చెప్పినవారి పేరుతో అచ్చువేయాలి.